గిడ్డమ్మకు చాటింపు

కోసిగి పక్క పల్లెల్లో ఇప్పుడు ఏ కబురైనా ఫోనులోనే. ఊళ్ళో చాటింపు వేసే దాసన్న తప్పెట చూరుకు వేలాడుతూనే ఉంటుంది. పెద్దింట్లో మాత్రం పెళ్ళయినా చావయినా ఆ తప్పెట మోగాల్సిందే. లేకపోతే వాళ్ళ పరువేం కావాలి?

తెల్లదొరల నాడు దాసన్న ముత్తాత మెడలో ఒక ఇత్తడి బిళ్ళ వేశారు. దాని మీద సింహం, కొమ్ముగుర్రం, నడుమ కిరీటం. అది వేసుకుని శిస్తు కట్టమని ఊరంతా చాటాడాయన. దొరలు మూటాముల్లె సర్దుకుని పోయారు గానీ బిళ్ళ పెద్దింట్లోనే ఉండిపోయింది. చాటింపు రోజున ఇస్తారు, పని కాగానే తీసేసుకుంటారు. గుర్రానికి కొమ్మేమిటని ఇంతవరకూ అడిగిన మొనగాడు లేడు.

"నా కొడుకు గొంతు పెద్దింటోళ్ళ సొత్తు" అని దాసన్న తల్లి గిడ్డమ్మ ఎగతాళి చేసేది. ఆసుపత్రులు రాకముందు ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ బొడ్డు కోసింది ఆమే.

పెద్దింటి భూపేష్ బెంగళూరులో వ్యాపారం చేస్తాడు. తాత కట్టిన వాకిలి మీద అదే సింహం, అదే కొమ్ముగుర్రం ఉన్నాయి. వాటికి బంగారు రంగు పూయించి గొప్పవాళ్ళను పిలిచాడు. దాసన్న వాళ్ళ ముందు నడుస్తూ ఇంటి బిరుదులు చాటాలి.

ఆ రోజు తెల్లవారుజామునే గిడ్డమ్మ పోయింది.

ఊరవతలి వాడవాళ్ళ చావు పై కులాలుండే పై వీధుల్లో చాటరు. చాటేవాడి తల్లి చచ్చినా సరే. ఆ ఆచారం మట్టిగొట్టుకుపోను! తల్లి పేరు ఒక్కసారి ఊరంతా వినాలని దాసన్న కోరిక.

"సామీ, మాయమ్మ పోయినాది. పై వీధుల్లో గూడా చాటనీ" అని భూపేష్‌ను అడిగాడు.

భూపేష్ గడియారం చూసుకున్నాడు. "అయ్యో పాపం. మీకు చాటింపు యాడుండాదప్పా, కొత్తగా అడుగుతాండావు? ముందు బిరుదులు చెప్పేసి పో. శవం యాడికి పోతాది?"

దాసన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. బిళ్ళ మెడలో వేసుకున్నాడు. వచ్చిన గొప్పవాళ్ళూ ఊరివాళ్ళూ ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. తప్పెట మీద దెబ్బ వేశాడు.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, గిడ్డమ్మ పోయినాది. నొప్పులొస్తే పరుగెత్తుకొచ్చిన గిడ్డమ్మ. మీ బొడ్లు కోసిన గిడ్డమ్మ. లోపల మీ బిడ్డను చేతికిచ్చి, గడప బయట కూసోని గంజి తాగిన గిడ్డమ్మ. ఈ భూపేష్ సామిని మొదట ఎత్తుకున్నదీ ఆయమ్మే. పొద్దుగుంకకముందే ఎత్తుతాండాము. వచ్చేవాళ్ళు రాండి."

ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. భూపేష్ మొహం మాడిపోయింది.

"రేయ్, బిళ్ళ తీయ్. ఇదే నీ ఆఖరు చాటింపు."

దాసన్న బిళ్ళ తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఆఖరుదే సామీ. అందుకే ఏ వీధీ వదల్ను."

తప్పెట భుజానికి సర్దుకుని పక్క వీధిలోకి తిరిగాడు. అక్కడ గిడ్డమ్మ పేరు మరింత గట్టిగా చెప్పాడు.