స్విచ్చికి కట్టిన ఎర్ర ట్యాగు

నేను కథ రాస్తున్నానని ఊరంతా టముకు వేసుకోవడం నా బుద్ధితక్కువ. హిందీవాళ్ల ఊళ్లో ఉన్న ఈ ప్లాంటు కాలనీలో, సెక్టర్ 6లో మా వీధిలో ఉన్న తెలుగువాళ్లందరికీ చెప్పాను. కూరగాయలమ్మే ఆవిడకి కూడా చెప్పాను, ఆవిడకి తెలుగు రాదు కాబట్టి హిందీలో చెప్పాను. ఒక తెలుగు మాసపత్రిక పెద్దకథల పోటీ పెట్టింది. యాభై దాటాక మొదటిసారి ఒక కథ పంపబోతున్నాను. ఆ పత్రికవాళ్ల షరతులు మగపెళ్లివారి షరతుల్ని మించిపోయాయి. ఫలానా ఫాంటే ఉండాలట, అక్షరం ఇంత లావే ఉండాలట, వరుసకీ వరుసకీ మధ్య ఇంత ఖాళీ వదలాలట. అలా లేకపోతే చదవకుండానే పక్కన పడేస్తారట. శనివారం సాయంత్రంలోగా మెయిల్లో వాళ్లకి చేరాలి.

ఎంత భాగ్యం అనుకున్నాను. కథలో ఒక్కో భాగానికి ఒక్కో కొత్త ఫైలు పెట్టుకున్నాను. కంప్యూటర్లో టైపు చేసే ప్రోగ్రాం తెరిచి, ఫాంటూ సైజూ ఖాళీలూ దిద్ది, ఇకమీదట ఎప్పుడూ ఇలాగే ఉండాలని దాని చేత ఒప్పించుకున్నాను. అంతటితో ఆగానా! కథలో అచ్చం మా ఆయనలాంటి పాత్ర ఒకటుంది. కథలో అతన్ని పిలిచే పేరు మాటిమాటికీ కొట్టలేక, రెండక్షరాలు నొక్కితే చాలు ‘ఆ మహానుభావుడు’ అని దానంతట అదే పడేలా ఏర్పాటు చేసుకున్నాను.

మర్నాడు కొత్త ఫైలు తెరిస్తే ఏముంది, కథ మళ్లీ మొదటికొచ్చింది. ఎవరికీ అక్కర్లేని ఇంగ్లీషు ఫాంటు, చీమ తలకాయంత అక్షరాలు. మహానుభావుడు సైతం మాయం. మళ్లీ దిద్దాను. ఆ మర్నాడూ అదే వరస. రాసిన కథకి మాత్రం ఏ ఢోకా లేదు, వాక్యానికోసారి సేవ్ నొక్కే భయస్తురాలిని నేను. పోయేవి నేను పెట్టిన సెట్టింగులే. టిఫిన్లయ్యాక కుక్కరు కూత వేసేదాకా నాకు దొరికేదే కాస్త తీరిక. అదంతా దిద్దుకోవడానికే సరిపోయేది, కథ ముగింపు ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

ఉద్యోగానికని వేరే ఊళ్లో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. “మమ్మీ, సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిఫాల్ట్ కర్ దో నా, బస్” అంది, ఎప్పటికీ అలాగే ఉండేలా పెట్టేస్తే చాలని. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు వంట ఇష్టంగా తింటుంది గానీ తెలుగు అక్షరం చదవలేదు.

“అదే కదటే పొద్దున్నించీ చేస్తన్నాను!” అని ఫోన్ పెట్టేశాను.

మా ఆయన ప్లాంటులో కరెంటు మరమ్మతుల విభాగంలో చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఏది చెడిపోయినా ఆయనకి పండగే. “బ్రేక్‌డౌన్ ఏటో చెప్పు” అంటూ టెస్టరు పట్టుకుని దిగారు. ప్లగ్గులు పీకారు, పెట్టారు. ఓల్టేజీ చూశారు. చివరికి పెరట్లో ఎర్తింగు గోతిలో బకెట్టుడు ఉప్పునీళ్లు పోసి వచ్చారు.

“ఎర్తింగులో నీళ్లు పోస్తే అక్షరాలు లావవుతాయేటండీ?”

“కరెంటు గురించి నువ్వు నాకు చెప్తావేటి?”

చెప్పలేదు. రెండు పూటలూ కరెంటు గురించి ఆయన చెప్పిందే వింటూ ఇన్నేళ్లు గడిపాను. అన్నంలో పప్పు కలుపుకుంటూ మొదలెడతారు. “బటన్ నొక్కితే ఆగిన మిషను ఆగినట్టు కాదు. మెయిన్ దగ్గర కట్ చెయ్యాల. లైన్ మీద మనిషి ఉంటే స్విచ్చికి ఎర్ర ట్యాగు కట్టాల. ఎవడు కట్టాడో ఆడే విప్పాల. పెద్ద సాహెబ్ వచ్చి అరిచినా సరే, ఇంకోడు ముట్టుకోడానికి లేదు.” ఈ ముక్కలు నాకూ పిల్లకీ కంఠతా వచ్చు. చారు దగ్గరకొచ్చేసరికి ముగ్గురం కలిసి వల్లించేవాళ్లం.

ఉప్పునీళ్లకి లొంగకపోయేసరికి కంప్యూటర్ని స్కూటరు మీద పెట్టుకుని రిపేరు దుకాణానికి పట్టుకెళ్లాం. దుకాణం భయ్యా ప్రోగ్రాం మొత్తం తీసి కొత్తగా వేశాడు. మా ముందే సెట్టింగులు పెట్టి, మూసి, మళ్లీ తెరిచి చూపించాడు. అన్నీ బుద్ధిగా ఉన్నాయి. “దేఖో దీదీ, ఏక్‌దమ్ ఠీక్” అన్నాడు. ఇంటికొచ్చిన మర్నాడు చూస్తే మళ్లీ చీమ తలకాయలే. నాకు నిజంగా ఏడుపొచ్చింది. వీధి వీధంతా “ఏటమ్మా, కథ పంపీసావా?” అని అడుగుతోంది, అక్కడేమో ముగింపు రాయనేలేదు, ఎల్లుండే గడువు.

ఆ మధ్యాహ్నం కుక్కరు కూత వేస్తే, మళ్లీ వస్తాను కదా అని ఫైలు తెరిచి ఉంచి లేచాను. కళ్లజోడు మర్చిపోయి సగం దారిలో వెనక్కి వచ్చాను. మా ఆయన గోడ దగ్గర నిలబడి ఉన్నారు. ప్లాంటులో పెద్ద స్విచ్చి ముందు నిలబడ్డట్టు కాళ్లకి రబ్బరు చెప్పులు. ఎడమచెయ్యి నడుం వెనక్కి మడిచి, కుడిచేతి వేలితో టప్పుమని స్విచ్చి ఆపారు. తెర నల్లబడింది. “లైన్ క్లియర్” అని గట్టిగా అన్నారు, ఎవరికి చెప్పారో మరి.

“ఓలమ్మో, ఏటండీ ఆ పని!”

“ఏటంటే? మనిషి లేకుండా మిషను నడుస్తోంది. ఆపీసాను.”

“రోజూ ఇదేనా?”

“రోజూనే. నువ్వు మర్చిపోతన్నావని నేనేనాడైనా ఎత్తిపొడిచానా?”

ఆ ముఖంలో ఎంత త్యాగం! నేను పక్కింట్లోకి వినబడేలా అరిచాను. ఆ వెంటనే దుకాణం భయ్యాకి ఫోన్ చేశాను. అతను పడీ పడీ నవ్వాడు. ప్రోగ్రాంని మనం పద్ధతిగా మూసినప్పుడే అది సెట్టింగులు రాసుకుంటుందట, ఉన్నట్టుండి కరెంటు తీసేస్తే దానికేమీ గుర్తుండదట. కాసేపు ముట్టుకోకపోతే కంప్యూటర్ దానంతట అదే ఆరిపోతుందనుకునేదాన్ని. పొద్దున్నే పెట్టగానే ఇంగ్లీషులో ఏదో వచ్చేది, నేను చదవకుండా సరే అని నొక్కేసేదాన్ని. పొద్దున్నే ఇంగ్లీషులో మందలిస్తే ఎవరు చదువుతారు?

“అయితే నువ్వే మూసీసి లేవాల” అన్నారు మా ఆయన, తప్పంతా నాదేనన్నట్టు. కుక్కరు కూతకీ, కాలింగ్ బెల్లుకీ, ఆయన టీకీ లేచినప్పుడల్లా నేను దుకాణం కట్టేసి లేవాలట! ఒళ్లు మండింది. బీరువాలోంచి ఎర్రటి పాత పెళ్లికార్డు తీసి, ప్లాంటు బోర్డుల మీద అపాయానికి రాసే మాటతో మొదలుపెట్టి, వెనక పెద్ద అక్షరాలతో రాశాను. “ఖతరా. పని జరుగుతోంది. కట్టినవారే విప్పాలి.” కింద సంతకం చేసి, సంతకం కింద రచయిత్రి అని కూడా రాసుకున్నాను. పాత లంగా బొందుతో ఆ కార్డుని స్విచ్చికి కట్టేశాను.

ఆయన వచ్చి కళ్లజోడు పెట్టుకుని చదివారు.

“ఏటీ వేళాకోళం?”

“వేళాకోళం కాదు. లైన్ మీద మనిషి ఉంది.”

ఆయన నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని అవతలికి వెళ్లిపోయారు.

శుక్రవారం మధ్యాహ్నమంతా కంప్యూటర్ నడుస్తూనే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. సాయంత్రం పద్ధతిగా మూశాను. శనివారం కొత్త ఫైలు తెరిస్తే అక్షరాలు నేను పెట్టినంత లావుగా, నేను పెట్టినంత ఎడంగా ఉన్నాయి. రెండక్షరాలు కొట్టగానే మహానుభావుడు వచ్చి నిలబడ్డాడు. ముగింపు రాసి, గడువుకి ముందే పంపేశాను.

ట్యాగు మాత్రం విప్పలేదు. కావాలనే విప్పలేదు, కంప్యూటర్ని కూడా కావాలనే మధ్యాహ్నాలు నడుస్తుండగానే వదిలేసేదాన్ని. మహానుభావుడికి మధ్యాహ్నం కునుకు కరువైంది. నడుస్తున్న మిషన్ని వదిలి పడుకోలేరు, ట్యాగున్న స్విచ్చిని ముట్టుకోలేరు. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పేపరు అడ్డం పెట్టుకుని దాని పక్కనే కాపలా కూర్చునేవారు. నేను వంటింట్లోంచి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని.

కొన్నాళ్లు ఓర్చుకున్నారు. ఒకరోజు వంటింటి గుమ్మం దాకా వచ్చారు.

“నీ పని అయిందేటి?”

కుళాయి కట్టేశాను. వంటయిందా అని ఎన్నోసార్లు అడిగారు, బట్టలు ఆరాయా అనీ ఎన్నోసార్లు అడిగారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నీ పని అయిందా అని అడగడం అదే మొదటిసారి. తోమిన గిన్నెనే మళ్లీ తోమాను.

“అవలేదు. రెండో కథ మొదలెడతన్నాను.”

“ఎన్నాళ్లు పడతాది?”

“చెప్పలేను.”

ఆయన గదిలోకి వెళ్లి ట్యాగు చూసి వచ్చారు.

“అయితే ఉండనీ. బొందు వదులైపోయింది, ఒచ్చి గట్టిగా కట్టు” అన్నారు.

ఆయన ముట్టుకోకూడదు కదా మరి. చేతులు తుడుచుకుని వెళ్లి, నేనే బిగించి కట్టాను.