గడపకు అలికిన పొలం

నాకు పెద్ద చదువు లేదు, యంత్రాల సంగతి అసలే తెలియదు. అయినా కెన్యా దేశంలో ఉన్న అరెకరం పొలాన్ని ఇక్కడ బహ్రెయిన్‌లో కూర్చుని నా చేత్తో నాశనం చేశాను. మిడతల దండైనా అంత పని చెయ్యాలంటే పొలం దాకా ఎగిరి వెళ్ళాలి కదా, నేను గడప దాటలేదు. మొదట్లో నవ్వొస్తుంది, నవ్వండి. చివర్లో తిట్టాలనిపిస్తే తిట్టండి, ఏమీ అనుకోను.

బుదైయాలో మా మేడమ్ వాళ్ళ విల్లా వెనక తోట ఉంది. ఇంటిపనికి ఇద్దరం: పెద్దాపురం దగ్గరి పల్లె నుంచి నేను, కెన్యా నుంచి వాంబుయి. ఆ పేరు నా నోటికి తిరగక అంబుజం అని పిలిచేదాన్ని. మేం మాట్లాడుకునేది వంటింటి అరబ్బీలో, దాన్నే మీకోసం తెలుగు చేస్తున్నాను. తోటపని జగిత్యాల నర్సయ్యది. ఆ మధ్య తోటకు మట్టి యంత్రం ఒకటి వచ్చింది. గిన్నెలో మట్టి పోసి మీట నొక్కితే చాలు, ఆ నేలలో ఏం తక్కువైందో, ఏ పంట వెయ్యాలో ఫోనుకు పంపుతుంది. ఇంజినీరు సెలవు మీద వెళుతూ మీట నొక్కడం నర్సయ్యకు నేర్పి వెళ్ళాడు. ఆనాటి నుంచి నర్సయ్య మెడలో గొట్టం లేని డాక్టరులా తిరిగేవాడు.

అంబుజం సెలవు నుంచి తిరిగొచ్చిన మర్నాడే మేడమ్ ఆమెను మహూజ్‌లో తన చెల్లెలి ఫ్లాటుకు రెండు రోజుల పనికి తీసుకెళ్ళింది. శుక్రవారం పొద్దున్న మా గదిలో పంచదార వెతుకుతుంటే మంచం కింద పాలపొడి డబ్బా కనిపించింది. మూత తీశాను. ఎర్రమన్ను!

ఇక్కడి నేల పాలిపోయిన రోగిష్ఠిలా ఉంటుంది. ఆరేళ్ళుగా ఎర్రమన్ను చూడని కళ్ళు నావి. ఇది ఎవరిది, ఎందుకు దాచారు అని ఒక్క క్షణమైనా ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. గబగబా నీళ్ళు కలిపి మా గది గడపంతా అలికేశాను. ఊరి నుంచి తెచ్చుకున్న ముగ్గురాయి పిండితో పైన పద్మాల ముగ్గు కూడా పెట్టాను. తడి మట్టి వాసన పీలుస్తూ మహారాణిలా అక్కడే కూర్చున్నాను. అప్పుడు ఫోను మోగింది.

"మంగా, మంచం కింద డబ్బా చూశావా?" అంది అంబుజం.

"చూశాను," అన్నాను. అబద్ధం కాదుగా.

"మా పొలం మట్టి. అమ్మ పొలమంతా తిరిగి పది చోట్ల గుప్పెడేసి తవ్వి కలిపి ఇచ్చింది. అలా తీస్తేనే యంత్రం సరిగ్గా చెబుతుందట. మొక్కజొన్న మూడేళ్ళుగా మోకాలెత్తు దాటడం లేదు. ఇటుకలవాడేమో పైమట్టి తవ్వుకోనిమ్మని అమ్మను పీక్కుతింటున్నాడు. నేల బాగుంటే వచ్చే ఏడు వెళ్ళిపోయి నేనే సేద్యం చేసుకుంటాను. బాగులేకపోతే ఖలాస్. నర్సయ్యకు ఈ రోజే ఇచ్చెయ్యి."

నేను గడప వంక చూశాను. పది చోట్ల తవ్విన మట్టి పద్మాల కింద చక్కగా ఆరుతోంది.

ఆ క్షణంలో నిజం చెప్పేస్తే సరిపోయేది. సిగ్గుపడ్డాను. గడప మీద గోనెపట్టా పరిచి, ఖర్జూరం చెట్టు మొదట్లోంచి డబ్బాడు మట్టి తెచ్చాను. రంగు కుదరలేదు. నాలుగు చెంచాల కారం కలిపాను. నవ్వకండి, రంగు అచ్చు గుద్దినట్టు కుదిరింది.

"అక్కా, గిదేం మట్టి? ముక్కు మండుతున్నది," అన్నాడు నర్సయ్య.

"ఆఫ్రికా మట్టి నాయనా, ఘాటుగానే ఉంటాది."

"ఇగో, ఖర్జూరపు పీచు గూడ ఉన్నది."

"ఉండదేంటి? ఆళ్ళు మాత్రం ఖర్జూరాలు తినరా ఏంటి?"

నర్సయ్య మూడుసార్లు తుమ్మి మీట నొక్కాడు. ఉప్పు చాలా ఎక్కువ, సున్నం చాలా ఎక్కువ, మొక్కజొన్న పండదు, ఖర్జూరం వేసుకోవచ్చు అని వచ్చింది. పాపం, యంత్రం బుదైయా గురించి చెప్పిన ప్రతి ముక్కా నిజమే.

శనివారం అంబుజం వచ్చి ఫోనులో అది చదువుకుంది.

"మా ఊరికి సముద్రం ఎంత దూరమో తెలుసా మంగా? బస్సులో పగలంతా పడుతుంది. ఈ ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది?"

"ఏమో అంబుజం. యంత్రం కదా, అబద్ధం చెప్పదు."

ఈ మాట అన్నది నేనే. తను గోడకు ఆనుకుని, వాళ్ళమ్మకు ఫోను చేసి, వాళ్ళ భాషలో ఏడుస్తూ మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాకు మొత్తం అర్థమైంది. చెప్పేద్దామని ఆదివారం అనుకున్నాను, ఇస్త్రీ బట్టలున్నాయి. సోమవారం చుట్టాలొచ్చారు. మంగళవారం ఏ అడ్డూ లేదు, నాకు ధైర్యం లేదు. అలా ఎనిమిది రోజులు ఆ పట్టా మీద నడిచాను.

ఎనిమిదో రోజు అంబుజం ఫోనులో ఫోటో చూపించింది. మోకాలి లోతు గొయ్యి, గట్టు మీద వరసగా పచ్చి ఇటుకలు.

"యంత్రమే చెప్పాక ఇంకెందుకని అమ్మ ఇచ్చేసింది," అంది.

పట్టా లాగేశాను. "ఇదే అంబుజం. మీ పొలం ఇదే. నేనే అలికేశాను." డబ్బా, కారం, ఖర్జూరం చెట్టు, అన్నీ చెప్పాను. తను తిట్టలేదు. తిడితే బాగుండేది. వాళ్ళమ్మకు ఫోను చేసి తవ్వకం ఆపించింది. అప్పటికే ముప్పావు వంతు పోయింది.

నర్సయ్యను పిలిచి గడప గీకించాం. ముగ్గుతో సహా గీకి యంత్రంలో పోశాడు. మొక్కజొన్నకు భేషుగ్గా ఉందని వచ్చింది. అనుమానమొచ్చి, ముగ్గు పడని మూల నుంచి మళ్ళీ గీకి చూశాడు.

"గిప్పుడు ఎసిడ్ ఎక్కువ అంటున్నది. సున్నమెయ్యాల్నట."

"అంటే?" అన్నాను.

"అంటే ఏమున్నది, నేల సక్కగనే ఉన్నది. గింత సున్నం పొడి సల్లుకుంటే సాలు. నీ ముగ్గు గూడ సున్నపు రాయే గదా అక్కా, గందుకే బాగయింది!" అని పకపకా నవ్వి, అంబుజం మొహం చూసి ఆపేశాడు.

అంబుజం గడప దగ్గర గొంతుక్కూర్చుని, మిగిలిన ముగ్గు మీద వేలు పెట్టింది.

"మూడేళ్ళుగా మా పొలానికి మందు వేసినవాళ్ళు లేరు మంగా. నువ్వొక్కదానివే వేశావు," అంది. నవ్వింది. ఆ నవ్వు సగంలో ఏడుపైపోయింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను, ఆమె చెయ్యి పట్టుకునే ధైర్యం మాత్రం రాలేదు.

కాబట్టి పెద్దలందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఎవరిదో అడక్కుండా ఈ జన్మలో ఏ డబ్బా మూతా తియ్యను. మట్టిలో కారం కలపను. పొరపాటున మళ్ళీ ఏదైనా వెలగబెడితే, ఆ పూటే చెప్పేస్తాను. మొదటి రెండూ ఎవరైనా పాటించగలరు. ఆ మూడోది నేను ఆ శుక్రవారమే పాటించి ఉంటే, ఏడాది తిరిగిన ఈ పాటికి అంబుజం వాళ్ళ పొలంలో ఉండేది.