గోడలాయన, ఏటి ఒడ్డు వేదిక

మునిసిపల్ ఆఫీసులో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళే లేరు. అందరికీ గోడలాయనే. మరి ఇరవై ఏడేళ్ళుగా ఆ డ్రాఫ్ట్స్‌మన్ గీసినవన్నీ గోడలే కదా! బడికి ప్రహరీ, నీళ్ళ ట్యాంకుకి ప్రహరీ, ఆఖరికి శ్మశానానికి కూడా ప్రహరీ. అక్కణ్ణుంచి ఎవరు పారిపోతారని మాత్రం అడక్కండి. పైవాళ్ళు గీయమన్నారు, ఈయన గీశాడు.

అలాంటి మనిషి బల్ల మీదికి ఓ రోజు వింత కాగితం వచ్చిపడింది. నది సముద్రంలో కలిసే చోట కొత్తగా వేస్తున్న పార్కులో, జనం ఎక్కి నీళ్ళు చూడ్డానికి ఒక వేదిక గీయాలట. ఊరికే, చూడ్డానికి! నమ్మకం కుదరక మూడుసార్లు చదువుకున్నాడు. ఇంకో పది నెలల్లో రిటైర్మెంటు. ఇది కూడా చెడిందా, ఆయన గీశాడని చెప్పుకోడానికి ఊళ్ళో గోడలు తప్ప ఏమీ మిగలవు.

రెండు వారాలు తిండి ధ్యాస లేకుండా గీశాడు. ఎక్కడానికి వాలుదారి, కూర్చోడానికి అరుగు, చుట్టూ పిట్టగోడ. ఇంజనీరమ్మ చూసి, "గోడ గట్టిగానే ఉంది, ఎవరూ పడరు. సోమవారం సంతకం పెట్టేస్తాను" అంది.

ఆయనకో చాదస్తం ఉంది. గీసిందేదైనా సరే, అక్కడికి వెళ్ళి కర్రలు పాతి చూసుకోనిదే చేతులు దులుపుకోడు. ఆదివారం పొద్దున్నే భార్యను వెంటబెట్టుకుని పార్కులోని గట్టెక్కాడు. వేదిక రావాల్సింది అక్కడే. రెండు కర్రలు పాతి, పిట్టగోడ ఎత్తున తాడు కట్టి, దాని మీద దుప్పటి ఆరేశాడు.

"ఇంట్లో ఉన్న ఒక్క మంచి దుప్పటీ తెచ్చి ఇక్కడ కట్టారా!" అని ఆవిడ మొదలుపెట్టింది. ఆవిడ నోరు తెరిస్తే ఆపడం ఎవరి తరమూ కాదు.

"దుప్పటి సంగతి తర్వాత. ఎలా ఉందో చెప్పు."

"పువ్వులు బాగానే ఉన్నాయండీ. నీళ్ళేవీ?"

"ఎదురుగానే ఉన్నాయిగా! కళ్ళు పెట్టుకుని చూడు."

"నా కళ్ళు ఇక్కడున్నాయి మహానుభావా. మీవే ఆకాశంలో ఉన్నాయి."

ఆరడుగుల మనిషి మోకాళ్ళు వంచి ఆవిడ ఎత్తుకు దిగాడు. దుప్పటి మీది పువ్వులు తప్ప ఏమీ కనపడలేదు. చెయ్యి అలవాటు కొద్దీ పిట్టగోడ అనుకుని అయిదడుగుల ప్రహరీ గీసిపారేసింది! తల కొట్టేసినట్టయింది.

"లాగెయ్" అన్నాడు.

ఆవిడ దుప్పటి లాగింది. అబ్బ, ఏం చెప్పను! ఎర్రటి ఏటి నీళ్ళు, నీలం సముద్రపు నీళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, నడుమ నురగ గీత అటూ ఇటూ కదులుతోంది. ఆ గీత మీదికి ఎండ వచ్చి నిలబడింది. అవతలి ఒడ్డు లేనే లేదు. పక్కకి చూస్తే ఆవిడ కళ్ళప్పగించి నిలబడిపోయింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆయన ఎరగడు.

"అమ్మో... ఇంత ఉందా?" అంది చివరికి, ఆయన చొక్కా చేతిని పట్టుకుని. "రోజూ ఈ గట్టు కింది రోడ్డు మీదనుంచే కదండీ కూరలకు వెళ్తాను. ఇన్నేళ్ళూ నాకెందుకు కనపడలేదు?"

ఆయన గట్టు కిందికి చూశాడు. రోడ్డు పొడుగునా నీళ్ళకు అడ్డంగా నిలబడ్డ ఆ గోడ పదిహేనేళ్ళ కిందట ఆయన గీసిందే.

సోమవారం ఇంజనీరమ్మ ముందు రెండు డ్రాయింగులు పెట్టాడు. మొదటిదాంట్లో పిట్టగోడ పోయి, పిల్లల తల దూరని సందులతో సన్నటి కమ్మీలు వచ్చాయి. ఆవిడ తృప్తిగా సంతకం పెట్టి రెండోది తీసింది.

"రోడ్డు పక్క గోడ పడగొట్టడానికా? ఇది మిమ్మల్ని గీయమనలేదే!"

"లేదమ్మా. కట్టమని గీసింది నేనే. కొట్టేయమని కూడా నేనే గీసి వెళ్తాను."

ఆవిడ పెన్ను కాగితం మీద ఆగిపోయింది. "నేనూ రోజూ ఆ దారినే వస్తాను. దాని వెనక అంతగా ఏముందండీ?"

గోడలాయన పెన్ను మూత ఆవిడ ముందుకు జరిపాడు.

"ఒక్కసారి గట్టు మీదికి రండమ్మా. దుప్పటి మా ఆవిడ తెస్తుంది."