గౌతమి ఎంచుకున్న ప్రాణి

కంబదూరు పిల్లలు పగటి కలలు కంటారని ఎవరైనా చెబితే నమ్మకండి. కరువు సీమలో అంత తీరిక ఎవరికుంది? ఒక్క గౌతమి విషయంలో మాత్రం నమ్మక తప్పదు. కలుపు తీయడానికి పోయి సాలు మధ్యలో నిలబడిపోయేది. "ఏమే, నిలువుకాళ్ల మీదనే నిద్రపోతాండావా?" అని తల్లి రామాంజినమ్మ కేకేస్తే ఉలిక్కిపడి వంగేది. అలాంటి పిల్ల ఎమ్మెస్సీ దాకా ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. మొత్తానికి వచ్చింది. 2003లో అనంతపురంలో బయోటెక్నాలజీ చివరి ఏడాది చదువుతోంది.

ఆ ఏడాది ప్రతి ఒక్కరూ ఒక ప్రాజెక్టు చేయాలి. గౌతమి వంతుకు జన్యువులు వచ్చాయి. ప్రాణి ఒంట్లో ఏ జన్యువు ఎప్పుడు పనిలోకి దిగుతుంది, ఎప్పుడు ఊరుకుంటుంది, ఎవరి మాట వింటుంది అన్నది తేల్చాలి. అందుకు ముందు ఏదో ఒక ప్రాణిని ఎంచుకోవాలి. ప్రాజెక్టు చెడితే ఏడాది పోయినట్టే. ఇంకో ఏడాది చదివించే ఓపిక ఆమె నాయన కుళ్ళాయప్పకు లేదు. వాన మొహం చూడని మెట్టచేను తప్ప ఆయనకు ఇంకేముంది గనక!

"ఈస్టు తీసుకోమ్మా," అన్నాడు ప్రాజెక్టు చూసే విష్ణువర్ధన్ సార్. "బేకరీలో పిండి పొంగించేదే. పొద్దున వేస్తే సాయంత్రానికి కావలసినంత పెరుగుతాది. దాని జన్యువులన్నీ ఎప్పుడో చదివి పెట్టినారు."

"బుడ్డలు తీసుకుంటా సార్."

బుడ్డలంటే వేరుశనగ. సార్ కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"నీకేమన్నా పిచ్చా? అది పెరిగేదెప్పుడు, నువ్వు పరీక్ష రాసేదెప్పుడు? దాని జన్యువుల సంగతి ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు."

"నీళ్లు ఆపితే దాని లోపల ఏం జరుగుతాదో చూడల్ల సార్. మా చేన్లో ఏటా జరిగేది అదే గదా."

సార్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "సరే, నీ కర్మ," అని కాలేజీ పెరట్లోని షెడ్డు తాళంచెవి చేతికిచ్చాడు.

కుండీల్లో బుడ్డలు మొలిచాయి. పసుపుపచ్చని పూలు పూశాయి. అప్పుడు గౌతమి సగం కుండీలకు నీళ్లు ఆపేసింది. ఆకులు పూర్తిగా వాడేదాకా చుక్క పడకూడదు. వాడాక కోసి, లోపల ఏ జన్యువులు మేలుకున్నాయో చూడాలి. మధ్యలో ఒక్కసారి తడిపినా అంతా మొదటికి వస్తుంది.

మధ్యాహ్నాలు ఆ షెడ్డులో కూర్చుంటే ఆమెకు కళ్లు మూతలు పడేవి. కలలో తాను చీమంతై వేరులోకి దిగేది. లోపల చల్లని చీకటి, వరసగా వీధులు. ఎవరో ఇంటింటికీ తిరిగి, "నీళ్లు రావు, తలుపులు వేసుకోండి," అని మెల్లగా చెప్పి పోతున్నారు. ఆకు మీది కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. ఎన్నడూ గడప దాటనివాళ్లు లేచి బయటకు వస్తున్నారు. ఆ చెప్పిపోయేది ఎవరో చూద్దామని గౌతమి వెంటపడేది. మొహం కనిపించేలోపే మెలకువ వచ్చేది. ఎంత సంతోషంగా ఉండేదో ఆ పిల్లకు, ఆ మగతలో!

కుళ్ళాయప్ప కూతుర్ని చూడడానికి వచ్చిన రోజున ఆకులు జంటలు జంటలుగా దగ్గరకు ముడుచుకుని, దండం పెడుతున్నట్టున్నాయి.

"ఇవి నీళ్లు ఆపినవి నాయనా. పరీక్ష కోసం. రేపు పొద్దున కోస్తా. నువ్వు నీళ్లు మాత్రం పోయొద్దు," అని ఒకటికి రెండుసార్లు చెప్పి, ఆయన్ను షెడ్డులో కూర్చోబెట్టి క్లాసుకు పోయింది. నీళ్ల బిందె అక్కడే ఉంది. క్లాసులో ఆమెకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నాయన సంగతి తెలిసీ బిందె దగ్గర కూర్చోబెట్టి వచ్చానే అని గంట కొట్టేదాకా గడియారమే చూసింది.

పరుగున వచ్చి చూస్తే మన్ను పొడిగానే ఉంది. బిందె నిండుగానే ఉంది. కుళ్ళాయప్ప మాత్రం కుండీలకు వీపు పెట్టి, తువ్వాలు మొహాన వేసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఏం నాయనా, అట్ల కూచున్నావు?"

"పోయొద్దంటివి, పోయలే. చూడమని మాత్రం చెప్పొద్దు తల్లీ." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "చేన్లో అయితే ఆకాశంలో మోడం దిక్కు చూస్తాము. నీళ్లు లేక పోయలేదులే అని మనసుకు చెప్పుకుంటాము. ఈడ బిందె నిండా ఉండాది గదమ్మా."

బస్సుకు వేళయిందని లేచి పోయాడు.

గౌతమి ఆ బిందె పక్కనే కూలబడింది. ఇంత ఓర్చింది, తెల్లారితే పని అయిపోతుంది. తనకు తాను నచ్చజెప్పుకుంది, తిట్టుకుంది కూడా. పొద్దు వాలేవేళకు ఇక చేతకాలేదు. చెంబు ముంచి మొదటి కుండీలో పోసింది. ఎండిన మన్ను గుటగుటా తాగింది. అది వింటూ వెక్కి వెక్కి ఏడుస్తూ కుండీలన్నిటికీ పోసింది. సిగ్గేసింది, భయమేసింది, కడుపు నిండినట్టు కూడా అయింది.

మర్నాడు సార్ తిట్టాల్సినంతా తిట్టాడు. తల వంచుకుని విన్నది.

"మరి ఇప్పుడేం తీసుకుంటావు?"

"ఈస్టు సార్. దానికి ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు లోపలి నీళ్లు లాగేస్తాది, అదీ దప్పికే అంటారు గదా. నా ప్రశ్న మారదు, ప్రాణిని మాత్రం మార్చుకుంటా."

"ఆ బుద్ధి ముందే ఉంటే పోయేది కాదా!"

"ఈస్టుకు నోరెండేది అయితే నాకు కనపడదు సార్," అంది గౌతమి.

ఈస్టు సార్ చెప్పినట్టే సాయంత్రానికి గాజుకుప్పె నిండా తెల్లగా పెరిగింది. ల్యాబులో ఎవరూ లేరు. గౌతమి ఉప్పునీళ్లు కొలిచి తెచ్చి, వంచబోయి ఆగింది. ఆ మబ్బునీళ్లలో కోటానుకోట్ల ప్రాణులు, ఒక్కదానికీ మొహం లేదు, ఆకు లేదు. అయినా కుప్పెను దగ్గరకు తీసుకుంది.

"రొంత ఓర్చుకోండప్పా," అని గొణిగి, కళ్లు తిప్పుకోకుండా చూస్తూ పోసింది.