మనం నష్టపోయామట

ఇవాళ మైపాడులో జరిగింది ఇది.

రొయ్యలు కొనే కంపెనీవారి ఐసు మిషన్ చెడిపోయి, వాళ్ళు కొని నిల్వ చేసుకున్న సరుకంతా కుళ్ళిపోయింది. మద్రాసు నుంచి వచ్చిన యజమాని జాలర్లను కూర్చోబెట్టి, ఈ నష్టం ‘వుయ్’ భరించాలని ఇంగ్లీషులో చెప్పాడు. పక్కనున్న మేనేజరు దాన్ని తెలుగు చేశాడు.

"ఈ నష్టం మనం భరించాలి. రేపటి నుంచి మీ రొయ్యలకు ధర తగ్గిస్తున్నాం."

మొన్న లాభం వచ్చినప్పుడు "మేము సంపాదించాం" అని తెలుగు చేసిందీ ఈ మేనేజరే.

నేను బడిపంతుల్ని, ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. అతన్ని పక్కకు పిలిచి, "ఆయన అన్నది ‘మేము’ అని కాదా?" అని అడిగాను.

"ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట మాస్టారూ. తెలుగులో ఏది పెట్టుకోవాలో మా ఇష్టం," అని నవ్వాడు.

జాలర్లకు విడమరిచి చెప్పబోయాను. వాళ్ళ పెద్ద పోలయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పోనీ అయ్యోరా. ఇన్నేళ్ళకి మమ్మల్ని గూడా కలుపుకోని మనం అన్నారు. కాదంటే బాగుండదు."

అందరూ ఒప్పుకుని లేచారు. నాకు ఇంటికొచ్చినా అన్నం సయించలేదు.

మీ ఊరి కంపెనీవాళ్ళు మిమ్మల్ని "మనం" అని కలుపుకున్నది లాభానికా, నష్టానికా? ఒక్కరైనా లాభానికని చెప్పండి, వింటాను.