ఆంబ్రోస్ బాబాయ్ ఆలస్యం

న్యూఫౌండ్‌లాండ్‌లోని మా రేవులో ఆంబ్రోస్ బాబాయ్ వేళకు వచ్చిన సందర్భం చరిత్రలో లేదు. తన పెళ్లికి సైతం, పాదిరిగారు విసుగెత్తి ఇంటికెళ్లి భోంచేస్తున్నప్పుడు వచ్చాడు.

"గడియారం లేదా బాబాయ్?" అంటే, "ఉందిరా. దానికే తొందరెక్కువ" అనేవాడు.

భార్య పోయాక ఆ ఇంట్లో రేడియో తప్ప పలికే ప్రాణి లేదు. చేపల ఫ్యాక్టరీలోని టీ గదే ఆయన కాపురం. అక్కడికీ అందరూ కప్పులు కడిగే వేళకు వచ్చి, అయిపోయిన జోకులన్నీ మళ్లీ చెప్పించుకునేవాడు.

ఈ వసంతంలో ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్త యజమాని కొందరినే ఉంచుకుంటానన్నాడు. గేటు దగ్గర సీనియారిటీ ప్రకారం పేర్లు పిలుస్తారు. పలకనివాడి చోటు తర్వాతివాళ్లది.

ఇక నిరుద్యోగ భృతి శాస్త్రం మా ఊళ్లో పసిపిల్లలకూ కంఠస్థం. పనిస్తామంటే వద్దన్నవాడికి భృతి రాదు. పని దొరకనివాడికి వస్తుంది, అదీ ఏడాదిలో చాలినన్ని గంటలు పనిచేసి ఉంటేనే. మాతో ఫ్యాక్టరీలోనే పనిచేసే వెర్నాకు, మణికట్టు విరిగి పోయిన వేసవంతా ఇంట్లో కూర్చోవడంతో, ఆ గంటలు లేవు. ఉన్న చోట్లు సరిగ్గా ఆమె ముందువాడితో సరి. ఇటు పనీ లేదు, అటు భృతీ లేదు, ఇంట్లో పిల్లలు.

ఆ ఉదయం బాబాయ్ పేరు గొంతు పోయేలా పిలిచారు. ఆయన చోటు వెర్నాకు దక్కింది. అంతా అయ్యాక బాబాయ్ ట్రక్కు తాపీగా వచ్చింది.

"ఖాళీల్లేవు" అన్నాడు మేనేజరు.

"అయ్యో, అలాగా!"

పని ఎగ్గొట్టడానికే ఆలస్యం చేశాడేమోనని భృతి ఆఫీసు అనుమానించింది. ఊరంతా కదిలి సాక్ష్యం చెప్పింది. పాదిరిగారైతే ఆనాటి భోజనంలో ఏ కూరో కూడా చెప్పారు. ఆయనకు గంటలు ఎలాగూ నిండుగానే ఉన్నాయి, భృతి మంజూరైంది.

మా దగ్గర వసంతంలోనూ మంచు కురుస్తుంది; చర్చి వెనక దాన్ని ఎత్తేది నేను. పేర్లు పిలిచిన రోజు వెళ్లి చూస్తే, తెల్లవారుజామున కురిసిన మంచు మధ్య ఒక్క ట్రక్కంత మేర నేల పొడిగా ఉంది. అక్కణ్ణించి ఫ్యాక్టరీ గేటు చక్కగా కనిపిస్తుంది. భృతి ఖాయమయ్యాకే బాబాయ్‌ని అడిగాను.

"బాబాయ్, అందరికంటే ముందే వచ్చావన్నమాట!"

"ష్! బయటికి పొక్కిందంటే నా పరువేం కానురా?"

"మరి పొద్దెలా పోతోంది?"

"అదే చిక్కు. ఆలస్యంగా వెళ్దామన్నా ఎవరో ఒకరు రమ్మనాలి కదా."

ఆదివారం పన్నెండింటికి మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను. వెర్నా కూడా వచ్చి వంటకు సాయం పట్టింది. చేపముక్కలు పెనం మీద వేసింది మాత్రం రెండు దాటాకే.