శాంతాక్రూజ్ నుంచి సహార్‌కు నడిచిన రోజు

బొంబాయిలో రెండు ఏర్‌పోర్టులు ఉంటాయని మా ఇంట్లో అందరికన్నా ముందు తెలిసింది నాకే. మా ఆయన మస్కట్‌లో కట్టడాల కంపెనీలో వైర్‌మన్. ఆయన రాసిన ఉత్తరంలో ఆ సంగతి ఎర్ర ఇంకుతో రాసి, కింద రెండు గీతలు గీశాడు. బెంగుళూరు నుంచి వచ్చే విమానం శాంతాక్రూజ్‌లో దిగుతుంది. మస్కట్ పోయేది సహార్‌లో ఎక్కాలి. ఒక చోటు నుంచి ఇంకో చోటికి రోడ్డు మీద పోవాలి. పెట్టెలు మనమే తీసుకోవాలి, అక్కడ మళ్లీ మనమే అప్పజెప్పాలి.

ఎనభైల నడిమి మాట ఇది. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. కూతురికి ఎనిమిది, కొడుక్కి నాలుగు. ధర్మపురికి అవతల, పెరియంపట్టి దగ్గర మా అత్తగారి ఊరు.

ఒక ఊరికి రెండు ఎందుకని మా అత్త అడిగింది. రైలుకు ఒక చోటు, బస్సుకు ఒక చోటు లేదా, అట్లాంటిదేనని చెప్పాను. ఆమె తృప్తి పడింది. మామ మాత్రం పడలేదు.

"రెండు పిల్లోళ్లను పెట్టుకోని ఒక్కదానివే ఎట్లా పోతావు మా? వాడు లీవులో వచ్చినప్పుడు వాడి కూడా పోతే సరిపోతాది" అన్నాడు.

"ఆయన వచ్చేదానికి ఇంకా ఒకటిన్నర ఏడు ఉండాది మామా. రోడ్డు మీద పోయేదే గదా. పోతాను" అన్నాను.

గొప్పకు అన్న మాట కాదది. ఆయన దేశం దాటిన మూడేళ్లూ రాగి చేను, వేరుశనగ చేను నేనే చూసుకున్నాను. కారిమంగళం సంతకు పోయి అమ్మి వచ్చింది నేనే. ఎస్సెల్సీ దాకా చదివాను. ఇంగ్లీషు మాట్లాడలేను గానీ పెద్ద అక్షరాలు చదవగలను. నేను చదవలేనిది నా కూతురు చదువుతుంది.

బయలుదేరే రోజు అత్త పట్టుచీర కట్టుకోమంది. విమానం ఎక్కేటప్పుడు మామూలు చీరేమిటని ఆమె పట్టు. నూలు చీర అయితే నడవడానికి సులువని తెలిసినా, ఆ ఒక్క మాటా ఆమెకు వదిలేశాను. పాస్‌పోర్టులు, టికెట్లు ప్లాస్టిక్ కవరులో చుట్టి నడుముకు కట్టుకున్నాను. సామాను ఒక సూట్‌కేసు, ఒక పసుపు గుడ్డ సంచి. అంతకు మించి ఏమీ పెట్టనివ్వలేదు. కూతురికి ఒకటే నియమం చెప్పాను. ఒక చెయ్యి నా కొంగు మీద, ఒక చెయ్యి తమ్ముడి మీద. ఏ చెయ్యి వదలాల్సి వచ్చినా ముందు నాకు చెప్పాలి.

మా మరిది బెంగుళూరు ఏర్‌పోర్టు దాకా వచ్చి దిగబెట్టాడు. అక్కడికి చేరాక తెలిసింది, బొంబాయిలో వానట, విమానం ఆలస్యమట. మూడు గంటలు కూర్చున్నాం. శాంతాక్రూజ్‌లో దిగేసరికి ఒంటిగంట దాటింది. మస్కట్ విమానం నాలుగింటికి. రెండు గంటల ముందే అక్కడ ఉండాలని ఉత్తరంలో ఉంది.

సూట్‌కేసు తీసుకుని బయటికి వచ్చి, రెండు ఏర్‌పోర్టుల మధ్య తిరిగే బస్సు ఎక్కడని అడిగాను. సహార్, బస్ అని రెండే మాటలు. ఒకాయన బయటి వాన చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. బస్సు రావడం లేదని అర్థమైంది. అప్పుడే కొడుకు నా చీర లాగాడు.

"అమ్మా, ఒంటికి వస్తాది. సీక్రం."

ఎటు పోవాలా అని చూస్తుంటే వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు, "ఆ మూల ఉండాది మ్మా, పిల్లోణ్ని తోలకపో" అంది. బొంబాయిలో ఎవరో తెలుగు మాట్లాడడమే వింత. మా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడడం ఇంకా వింత.

వాణ్ని తీసుకుపోయి వచ్చి ఆమె దగ్గర నిలబడ్డాను. నలభై ఏళ్లు ఉంటాయి ఆమెకు. ఆకుపచ్చ నూలు చీర, తలమీద కొంగు, కాళ్ల దగ్గర ఒక చిన్న రేకు పెట్టె. కడప పక్క పల్లెటూరట. కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి పోతోంది. హైదరాబాదు నుంచి ఇక్కడిదాకా విమానంలో వచ్చింది. ఏజెంటు మనిషి ఇక్కడ కలుసుకుని రెండో ఏర్‌పోర్టుకు తీసుకుపోతాడన్నారట. మూడు గంటలుగా ఆ గోడకే ఆనుకుని నిలబడి ఉంది. ఎవరూ రాలేదు. చేతిలో కాగితం ఉంది గానీ అది ఇంగ్లీషులో ఉంది. నేను చూశాను. ఆమె విమానం అయిదింటికి, సహార్ నుంచే.

"నాతో రా అక్కా. నేనూ అక్కడికే పోతా ఉండాను" అన్నాను.

"యా ఊరు మ్మా నీది? చిత్తూరా?"

ధర్మపురి అన్నాను. ఆమె గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురి అనుకుంది. కాదు, అరవదేశంలో ఉన్నదని చెప్పాను. అరవదేశంలో తెలుగెట్లా మాట్లాడతారని ఆశ్చర్యపోయింది. మా తాతల తాతల కాలం నుంచీ మాట్లాడుతూనే ఉన్నామన్నాను. ఇంకా అడగాలని ఉన్నా, గడియారం వైపు నేను చూసిన చూపు చూసి ఆపేసింది.

ఆమెకు ఉర్దూ వచ్చు. నాకు ఆ కాగితాల మీది అక్షరాలు వచ్చు. ఇద్దరం కలిస్తే ఒక మగతోడు కన్నా ఎక్కువేనని నాకప్పుడే అనిపించింది. టాక్సీ ఆమే మాట్లాడింది. సూట్‌కేసు, రేకు పెట్టె డిక్కీలో పెట్టి నలుగురం వెనక సీట్లో ఇరుక్కున్నాం.

మా వైపు వాన అంటే వత్తల్‌మలై కొండ మీద మబ్బు కట్టడం చూసి, అది దిగి వస్తుందా రాదా అని రెండు రోజులు ఎదురుచూసేది. ఇక్కడ ఎదురుచూడడం అనేదే లేదు. బిందెలతో కుమ్మరించినట్టు ఒకటే ధార. టాక్సీ అద్దం మీద తుడిచే కడ్డీ ఇటు తిరిగేలోపల అటు నీళ్లు కమ్మేస్తున్నాయి. పది నిమిషాలు పోయామో లేదో, ముందున్న బండ్లన్నీ ఆగిపోయాయి. ఇంకాసేపటికి మా బండి రెండుసార్లు దగ్గి ఆరిపోయింది. తలుపు కింది నుంచి నీళ్లు లోపలికి వచ్చి నా కాళ్లను తడిపాయి.

డ్రైవరు చెప్పింది ఆమె నాకు తెలుగులో చెప్పింది. ఇంజన్లోకి నీళ్లు పోయాయట, అరగంటో గంటో కూర్చోవాలట. సహార్ ఇంకెంత దూరమని అడిగించాను. ఒక మైలు లోపే, ఇదే రోడ్డు మీద నేరుగా పోయి కుడికి తిరగాలన్నాడు. నా గడియారంలో రెండుంబావు.

నాకు ఎక్కువ ఆలోచన పట్టలేదు. కూర్చుంటే విమానం పోతుంది. నడిస్తే దొరకవచ్చు. కూతుర్ని అడిగాను, నడుస్తావా అని. నడుస్తానంది.

దిగి పట్టుచీర మోకాళ్ల పైకి ఎత్తి దోపుకున్నాను. తువ్వాలు చుట్టి తలమీద సుమ్మాడు పెట్టుకుని, డ్రైవరు సాయంతో సూట్‌కేసు ఎత్తుకున్నాను. రాగి మోపులు, వేరుశనగ మూటలు మోసిన తల. సూట్‌కేసు వాటికన్నా తేలికే. కడప అక్క నన్ను ఒక క్షణం చూసి నవ్వింది. తర్వాత తన పెట్టె తనూ తలకెత్తుకుని, నా కొడుకును చంకనేసుకుంది. పసుపు సంచి కూతురు మెడలో వేసుకుంది.

రోడ్డు ఎక్కడుందో, పక్క కాలువ ఎక్కడుందో కనబడదు. అంతా ఒకే రంగు నీళ్లు. ఆగిపోయిన బండ్లు ఎక్కడ నిలబడి ఉన్నాయో అక్కడ కింద రోడ్డు ఉంటుంది గదా అనుకుని, బండ్ల వరసల మధ్యలోనే నడిచాను. నా అడుగు పడిన చోటే వాళ్లనూ అడుగు వెయ్యమన్నాను. కార్లలో కూర్చున్నవాళ్లు అద్దాల వెనక నుంచి చూస్తున్నారు. ఒకాయన అద్దం దించి మరీ చూశాడు. పట్టుచీర కట్టుకుని తలమీద సూట్‌కేసు పెట్టుకున్న ఆడదాన్ని ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. మొదట కొంచెం సిగ్గనిపించింది. నాలుగు బండ్లు దాటాక ఆ సిగ్గు కూడా పోయింది.

సగం దూరంలో ఒక పల్లం వచ్చింది. నాకు తొడల దాకా తగిలిన నీళ్లు కూతురికి నడుము దాటాయి. ఉన్నట్టుండి నా కొంగు గట్టిగా లాగినట్టయి, వెంటనే వదులైపోయింది. తల తిప్పడానికి లేదు, సూట్‌కేసు పడిపోతుంది. వంగడానికీ లేదు. ఒక చేత్తో సూట్‌కేసు పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి చాపి నీళ్లలో వెతికాను. ఆ రోజంతటిలో నాకు భయం వేసింది ఆ ఒక్క చోటే. చేతికి ముందు జడ తగిలింది, తర్వాత భుజం. రెక్క పట్టుకుని లేపి నిలబెట్టాను.

"అమ్మా, చెప్పు పోయింది. సంచి తడవలేదు" అంది.

పడ్డప్పుడు సంచిని రెండు చేతులా తలపైకి ఎత్తి పట్టుకుందట. అందుకే నా కొంగు వదిలేసింది. నాకు చెప్పకుండా వదిలినందుకు తిట్టాలో, మెచ్చుకోవాలో తెలియలేదు. రెండో చెప్పు కూడా వదిలెయ్యమని చెప్పి, అక్కడి నుంచి దాని చెయ్యి నేనే పట్టుకున్నాను.

కుడి మలుపు తిరిగాక నేల ఎత్తయింది. బోర్డు చూసి ఒక్కొక్క అక్షరం బిగ్గరగా చదివింది నా కూతురే. గేటు దగ్గర పోలీసు, నీళ్లు ఓడుతున్న మా నలుగురినీ పైనుంచి కిందికి చూశాడు. నడుముకున్న కవరు విప్పి టికెట్లు చూపించాను. అవి పొడిగా ఉన్నాయి. పక్కకు జరిగాడు.

మా కౌంటరు మూసే వేళకు చేరాం. అక్కడి అమ్మాయి ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఆలస్యమెందుకైందని అడిగి ఉంటుంది. నాకున్న ఇంగ్లీషంతా కూడదీసి, టాక్సీ స్టాప్, వాటర్, వాక్ అన్నాను. ఆ అమ్మాయి బల్ల మీదుగా వంగి నా కూతురి కాళ్లు చూసింది. చెప్పుల్లేని కాళ్లు, మోకాళ్ల దాకా బురద. ఇంక ఏమీ అడగకుండా మూడు కార్డులు రాసి ఇచ్చి, లోపలికి త్వరగా పొమ్మని సైగ చేసింది.

త్వరగా పోవాలని నాకూ ఉంది. కానీ కడప అక్క తన కాగితం పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది. ఆమె కౌంటరు వెతికి, వరసలో నిలబెట్టి, ఫారం నేను నింపాను. సంతకం దగ్గర వేలిముద్ర వేస్తుందనుకున్నాను. కలం తీసుకుని తెలుగులో, నిదానంగా, గుండ్రంగా తన పేరు రాసింది. నేను ఆ పేరు చదవలేకపోయాను. ఇంట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడే భాషను ఒక మనిషి చేత్తో రాయడం నేను చూడడం అదే మొదటిసారి. ఏమి రాసినావక్కా అని అడిగితే నా వైపు వింతగా చూసింది.

"నీకు తెలుగు రాదా మ్మా?"

"మాట వస్తాది. రాత రాదు. బడిలో చదివింది అరవమే" అన్నాను. ఆ రోజు నాకు చిన్నతనంగా అనిపించింది అదొక్కటే. తర్వాత మస్కట్‌లో మా పక్కింటి నెల్లూరామె దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను.

ఆమె నా కొడుకు తల తుడిచి, "ఇంగ నువ్వు పో. నీ విమానం ముందు పోతాది" అంది. ఆమె అడ్రసు రాసి తీసుకోవాలని నాకు తట్టలేదు. విమానంలో కూర్చున్నాక తట్టింది.

మస్కట్‌లో మా ఆయన మమ్మల్ని చూసి, ఆ చీర చూసి ఏమైందని అడిగాడు. సంగతంతా కూతురే చెప్పింది. ఈసారి నుంచి బొంబాయి దాకా తనే వస్తానన్నాడు. అవసరం లేదన్నాను. తర్వాత ఆ దారిలో మరి నాలుగుసార్లు పిల్లలతో పోయి వచ్చాను, ఎప్పుడూ ఒక్కదాన్నే.

సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు, మొగుళ్ల దగ్గరికి గల్ఫు పోబోయే ఆడవాళ్లు మా ఇంటికి వచ్చి ఆ రెండు ఏర్‌పోర్టుల సంగతి అడిగేవాళ్లు. కారిమంగళం నుంచి ఒకామె ముగ్గురు పిల్లలతో వచ్చింది. దుబాయికి పోవాలి, తోడెవరూ లేరు, అందరూ వద్దంటున్నారని చెప్పింది. పెద్ద పిల్లకు ఎన్నేళ్లని అడిగాను. పదేళ్లంది. అయితే పోవచ్చని చెప్పి, ఎక్కడ దిగాలో, ఎక్కడ ఎక్కాలో, ఎవరిని ఏమడగాలో కాగితం మీద తమిళంలో రాసి ఇచ్చాను. రెండు నెలలకు ఆమె దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. వాన లేదట, బస్సు సిద్ధంగా ఉందట, పిల్లలు కిటికీ దగ్గర కూర్చోవాలని కొట్టుకునేలోపలే సహార్ వచ్చేసిందట.